ఏడో నియమం మీద అభ్యంతరం

ఇప్పుడంటే ఫైళ్లన్నీ తెర మీదే నడుస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో శాసనసభ భవనం మూడో అంతస్తు నిండా కాగితాల వాసన, టైపు మిషన్ల టకటక. నియమాల పరిశీలన కమిటీ కార్యాలయం అక్కడే ఉండేది. సభ చట్టం చేస్తుంది. ఆ చట్టం కింద ఏర్పడిన స్వతంత్ర సంస్థలు తమ పనికి కావలసిన నియమాలు తామే రాసుకుంటాయి. వాటి మీద ఏ మంత్రి పెత్తనమూ ఉండదు. కాకపోతే రాసిన ప్రతి నియమం ఈ మూడో అంతస్తుకు రావాలి. చట్టం ఇచ్చిన హద్దు దాటిందా లేదా అని ఒకరు కూర్చుని అక్షరం అక్షరం చదవాలి.

ఆ ఒకరు ఆమె. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. హద్దు దాటిన చోటల్లా ఎర్ర సిరాతో గీత గీసేది. అందుకని సంస్థల వాళ్లంతా చాటుగా ఆమెను ‘ఎర్రసిరా’ అనేవారు. ఆ సంగతి తెలిసీ తెలియనట్టే ఉండేది. లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఓ యువకుడు తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. చొక్కా లోపల దాచి తెచ్చిన ఫైలు మాత్రం పొడిగా ఉంది. పడవల భద్రతా మండలిలో కొత్తగా చేరిన లా ఆఫీసరతను. నది దాటించే పడవలకూ రేవులకూ నియమాలు రాసే సంస్థ అది. అతను రాసిన మొట్టమొదటి నియమావళిలో ఏడో నియమం పక్కన ఆమె నిలువునా గీత గీసి తిప్పి పంపింది. అదీ అతని కోపం.

కూర్చోమనకముందే మొదలుపెట్టాడు. “మాది స్వతంత్ర సంస్థండీ. మంత్రిగారు చెప్పినా మేం వినక్కర్లేదు.”

“మంత్రిగారి మాట వినకండి. చట్టం మాటైనా వినాలి కదా,” అంది ఆమె తలెత్తకుండా. “ఆ కుర్చీలో నా కాగితాలున్నాయి, తడిపేయకండి. పక్కది లాక్కోండి.”

ఏడో నియమం ఒక్క వాక్యమే. యాభై అయిదేళ్లు దాటినవాళ్లు పడవ నడపకూడదు. చట్టం మండలికి అధికారం ఇచ్చింది పడవల మీద, రేవుల మీద, అంతేగానీ మనుషుల వయసు మీద కాదని ఆమె వాదన. పడవ తనంతట తాను నడవదు కదా, నడిపేది మనిషే కదా అని అతని వాదన. బయట వాన వెలిసింది గానీ లోపల వాదన తెగలేదు. చివరికి తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగి, మీ గీత వంకరగా ఉంది, స్కేలు పెట్టి గీయొచ్చు కదా అని మరీ వెళ్లాడు.

మర్నాడు ఆమె స్కేలు కొనుక్కుంది. ఎందుకు కొన్నదో తనకే అంతు పట్టలేదు.

ఆ తర్వాత వారానికోసారి వచ్చేవాడు. అభ్యంతరాలకు జవాబులు తపాలులో పంపితే సరిపోతుంది. అతను మాత్రం చేత్తో పట్టుకుని వచ్చేవాడు. ఆమె సూపరింటెండెంటు మితభాషి. ఆ పెద్దాయన కళ్లజోడు పైనుంచి ఓసారి చూసి, మండలివాళ్ల దగ్గర తపాలా బిళ్లలు అయిపోయినట్టున్నాయని తనలో తాను అనుకున్నట్టుగా అని, టీకి బయటికి వెళ్లిపోయేవారు.

ఒక సాయంత్రం మెట్లు దిగుతూ ఆమె ఉండబట్టలేక అడిగింది, ఆ ఒక్క నియమం మీద ఎందుకంత పట్టుదల అని. అతను మెట్టు మీద ఆగి ఫైలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత చెప్పాడు. నిరుడు నది మధ్యలో డెబ్బై ఏళ్ల పడవవాడు ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. తెడ్డు పట్టుకునే దిక్కు లేక పడవ ప్రవాహానికి అడ్డం తిరిగింది. పదకొండు మంది పోయారు. మండలిలో అతనికి అప్పగించిన మొదటి పని ఒడ్డున కూర్చుని బతికినవాళ్ల మాటలు రాసుకోవడం.

“ఒకావిడ నన్ను వేరే ఏమీ అడగలేదండీ. వాళ్లమ్మాయి చెప్పులు దొరికాయా అని మాత్రం అడిగింది,” అన్నాడు. “ఏడో నియమం అక్కడే రాశాను.”

బయట చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఆమె దగ్గర ఒక్కటే ఉంది. బస్టాపు దాకా ఇద్దరూ చెరో భుజం తడుపుకుంటూ నడిచారు. ఆమె ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు.

కమిటీ విచారణకు తేదీ పడింది. సభ్యుల కోసం నోట్ రాయవలసింది ఆమే. ముందురోజు అతను వచ్చాడు.

“నోట్‌లో ఏం రాశారు?”

“చెప్పకూడదండీ. సభ్యుల ముందు చదివేదాకా రహస్యం.”

“నాక్కూడానా?”

“ముఖ్యంగా మీకు.”

అతని మొహం చిన్నబోయింది. ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అనుకోకుండా విచారణ రెండు వారాలు వాయిదా పడింది. ఆ రెండు వారాలూ మండలి జవాబులు తపాలులోనే వచ్చాయి. సూపరింటెండెంటుగారు కవర్లు ఆమె బల్ల మీద పెట్టారు గానీ బిళ్లల సంగతి ఎత్తలేదు.

ఇంట్లో అమ్మ దర్జీ పని చేసేది. మెడలో టేపు వేలాడుతుండగా మిషన్ ఆపి, ఏమే, అన్నం అలా కెలుకుతున్నావు, ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. ఎవరూ ఏమీ అనడం లేదమ్మా, అదే బాధ అంది ఆమె. అమ్మ ఒక క్షణం చూసి, మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

విచారణ రోజున పొడవాటి బల్ల చుట్టూ ఏడుగురు సభ్యులు కూర్చున్నారు. వెనక వరసలో పడవవాళ్లు. ఒక సభ్యుడు అతన్ని నిలబెట్టి, చట్టం చదివే రాశావా నాయనా అని నలుగురూ నవ్వేలా అడిగాడు. అతను ఫైలు తెరిచి, మళ్లీ మూసి కూర్చున్నాడు. కమిటీ అధ్యక్షురాలు ఆమెను నోట్ చదవమంది.

ఆమె చదివింది. ఏడో నియమం చట్టం హద్దు దాటింది, రద్దు చేయడం సబబు. చదువుతున్నంతసేపూ ఆమె కాగితం మీంచి చూపు ఎత్తలేదు. అతను బల్ల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

ఆమె పేజీ తిప్పింది. మండలి కోరింది న్యాయమే, పట్టిన దారిలోనే పొరపాటు ఉంది. ఏ పడవ జనాన్ని ఎక్కించుకోవడానికి తగినదో నిర్ణయించే అధికారం చట్టం మండలికి ఇచ్చింది. తాను రెండు ఆదివారాలు రేవుకు వెళ్లి పడవెక్కి చూసింది. నడి ప్రవాహంలో పన్నెండు నిమిషాలు అందరి ప్రాణాలూ ఒక్క మనిషి చేతిలో ఉంటున్నాయి. కాబట్టి నడిపేవాళ్లు ఇద్దరు లేని పడవ ప్రయాణానికి తగదని నియమం రాసుకోవచ్చు. ఎవరి వయసూ ఎత్తనక్కర్లేదు.

అధ్యక్షురాలు పడవవాళ్ల వైపు తిరిగింది. అందరిలోకీ పెద్దవాడు లేచి నిలబడ్డాడు.

“నా పక్కన ఇంకొకరు కూర్చుంటే నాకేం నామోషీ లేదమ్మా. నన్ను ఒడ్డున కూర్చోబెట్టకండి. అంతే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కమిటీ ఆ నోట్‌ను ఉన్నదున్నట్టు ఆమోదించింది.

వరండాలో అతను ఆమె కోసం ఆగాడు. తొందరపడి అపార్థం చేసుకున్నానన్నాడు. ఆ రెండో పేరా సంగతి ఒక్క ముక్క చెవిన వేసి ఉంటే ఇన్నాళ్లూ నిద్రపట్టేదన్నాడు.

“మీ కోసం మొదటి పేరా మెత్తబరిచి ఉంటే, రెండో పేరాని ఎవరు నమ్ముతారండీ?”

“పోనీ, రేవుకి వెళ్లేటప్పుడైనా చెప్పాల్సింది. నేనూ వచ్చేవాణ్ణి.”

“వస్తారనే చెప్పలేదు,” అని ఆమె గబగబా మెట్లెక్కేసింది.

కొత్త ఏడో నియమం రాసి అతను తపాలుకు ఇవ్వకుండా స్వయంగా తెచ్చాడు. ఆమె సెలవులో ఉందని తెలిసి ఫైలు వదిలి వెళ్లాడు. వారం తర్వాత ఆమోదం వచ్చింది. తీరా చూస్తే అందులో చేతిరాత వేరేవాళ్లది. ఆమెకు బదిలీ అయిందో, తన మీద కోపమే వచ్చిందో తెలియక మూడంతస్తులూ పరుగున ఎక్కాడు.

ఆమె తన సీట్లోనే ఉంది. ఎదురుగా ఏదో విద్యుత్ సంస్థ ఫైలు.

“మా ఫైలు మీరెందుకు చూడలేదు?”

ఆమె సొరుగు తెరిచి ఒక కార్బన్ కాపీ అతని ముందుకు జరిపింది. సూపరింటెండెంటుగారికి రాసిన ఉత్తరం అది. వ్యక్తిగత కారణాల వల్ల పడవల మండలి ఫైళ్లు వేరొకరికి ఇవ్వవలసిందని ఆమె ముందు రాసింది. అస్పష్టంగా ఉంది, కారణం వివరంగా తెలపాలి అని పెద్దాయన తిప్పి పంపారట. అందుకని రెండోసారి ఇలా రాసింది: ఆ మండలి లా ఆఫీసరును వివాహం చేసుకోవాలని నా ఉద్దేశం. కనుక ఆయన రాసిన నియమాలను నేను పరిశీలించడం సబబు కాదు.

అతను దాన్ని మూడుసార్లు చదివాడు. పక్క గదిలో టైపు మిషన్లు ఆగిపోయినట్టనిపించింది, లేదా నిజంగానే ఆగిపోయాయేమో.

“ఇందులో ఒక లోపం ఉందండీ,” అన్నాడు ఎట్టకేలకు.

“ఏమిటది?”

“సంబంధిత వ్యక్తిని సంప్రదించలేదు.”

“అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాసి ఇవ్వొచ్చు,” అంది ఆమె. ఈసారి తలెత్తి సూటిగా చూసింది.

అతను అన్ని రోజులు ఆగలేదు. ఆ ఆదివారమే వాళ్లమ్మను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. బడిపంతులుగా చేసి విరమించిన ఆవిడ కాబోయే కోడల్ని ఎగాదిగా చూసి, మావాడు రాసింది తప్పయితే మొహం మీదే తప్పని చెప్పేది నువ్వేనా అమ్మా అని అడిగింది. ఆమె భయపడుతూనే తలూపింది. సరే, ఇక నా పని నువ్వు చూసుకో అని ఆవిడ ఆమె చేయి పట్టుకుంది.

పెళ్లయ్యాక అతను రాసిన ఒక్క నియమం కూడా ఆమె చదవలేదు. అతను ఇంటికి తెచ్చేవాడు కాదు, ఆమె అడిగేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, ఇద్దరూ ఉద్యోగాలు విరమించాక, అతను రాసినవన్నీ కలిపి బైండు చేయించి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె వారం రోజులు కిటికీ పక్కన కూర్చుని చదివింది. ఆ వారమంతా అతను ఏదో వంకతో ఆ గదిలోనే తచ్చాడాడు.

చివరి పేజీ మూసి ఆమె కళ్లజోడు తీసింది.

“బాగా రాశారండీ,” అంది.

అతను పక్కన కూర్చుని ఆమె భుజానికి తల ఆనించాడు.