గుర్రపుడెక్క పూల రీలు

రాజోలులో కాలవగట్టు మీద, సైకిల్ షాపుకీ కిళ్ళీకొట్టుకీ మధ్యన ఓ చిన్న పెంకుటిల్లు ఉండేది. ముందు గది ఫొటో స్టూడియో. మధ్యన నల్లగుడ్డ తెర కట్టిన డార్క్ రూము. వెనక వంటిల్లు. ఆ ఇల్లు కృపానందానిది. ఎనభై ఒకటో సంవత్సరం మాటండి ఇది. అప్పట్లో పెళ్ళిచూపులకి ఫొటో కావాలన్నా, కాలేజీ అప్లికేషనుకి కావాలన్నా, పోయినవాళ్ళ ఆఖరి ఫొటో కావాలన్నా కృపానందం రావాల్సిందే. మంచివాడు, పని తెలిసినవాడు. ఒక్కటే పిచ్చి.

ఎవరూ చూడనివాటికి ఫొటోలు తీసేవాడు.

కొబ్బరి మట్ట మీద నిలిచిన వానచుక్క, పాకుడు పట్టిన రేవు మెట్టు, గడ్డివాము పక్కన మొలిచిన పుట్టగొడుగు, ఎండిన అరటాకు ఈనెలు... ఇలాంటివన్నమాట. "మనుషుల మొహాలు అందరూ తీస్తారే. కళ్ళెదురుగా ఉన్న అందాన్ని ఎవడు తీస్తాడు?" అనేవాడు. భార్య రాహేలు ఊరుకునే రకం కాదు. "అవునవును, మొన్న బీరపాదుకి పట్టిన పురుక్కి తీసేరు కదా. దానికి సంబంధం ఏమన్నా కుదిరిందా?" అనేది. కృపానందం నవ్వేసి ఊరుకునేవాడు.

అన్నిటికన్నా అతనికి గుర్రపుడెక్క పూలంటే ప్రాణం. కాలవలకి పట్టిన పీడండి ఆ డెక్క. పడవని సాగనివ్వదు, నీళ్ళని పారనివ్వదు, దోమలకి పుట్టిల్లు. దాన్ని తిట్టని రైతు లేడు. కానీ వాన వెలిసిన పొద్దున్న ఆ లేత ఊదారంగు పూలు విచ్చుకుని, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్కతో నిలబడితే, ఎవరన్నా ఒక్కసారి ఆగి చూస్తే కదా తెలిసేది!

ఆ శ్రావణంలో ఓ రోజు కృపానందం అలాగే గట్టు మీద గొంతుక్కూర్చుని కెమెరాలోకి చూస్తున్నాడు. కొబ్బరికాయల పడవ ఒకటి డెక్కని తోసుకుంటూ వచ్చి ఆగింది. గెడ వేస్తున్న పిల్ల గట్టు మీదకి గెంతి అతని వెనకాల నిలబడింది.

"ఫొటో మావయ్యగారండీ, నాకోటి తీయరా?"

"అడ్డం లేమ్మా. పువ్వు మీద నీడ పడుతోంది" అన్నాడు తల తిప్పకుండానే.

"ఆయ్" అంది ఆ పిల్ల. పక్కకి తప్పుకుంది. కాసేపు చూసి పడవెక్కి పోయింది. ఆ పిల్ల నల్లగా ఉందో ఎర్రగా ఉందో కూడా అతను చూడలేదు.

తరవాత కొన్నాళ్ళకి, రాత్రంతా వాన కొట్టి వెలిసిన ఓ పొద్దున్న, పడవలవాళ్ళ పేట నుంచి సత్తిరాజు అనే ఆయన సైకిలు మీద వచ్చేడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మా అక్క బంగారమ్మ కూతురు పోయిందండి. విషజ్వరం. పుట్టేక ఒక్క ఫొటో కూడా తీయించలేదండి ఆ పిల్లకి. తమరొచ్చి తీసేదాకా శవాన్ని ఎత్తడానికి వీల్లేదని మా అక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుందండి."

"మీరు పదండి, వెనకాలే వస్తున్నాను" అన్నాడు కృపానందం.

బయల్దేరేడు. సైకిలుకి సంచి, సంచిలో కెమెరా. కెమెరాలో కొత్త రీలు. ఇంకో రీలు సంచి అడుగున ఉండనే ఉందనుకున్నాడు.

మలుపు తిరిగేసరికి కాలవ మొత్తం పూసేసింది! మునుపెన్నడూ అంత పువ్వు చూడలేదు. ఎదురుగా లేత ఎండ. రేకుల్లోంచి వెలుగు ఇవతలికి వస్తోంది. ఒక్కొక్క పువ్వూ దీపం పెట్టినట్టు ఉంది. ఒక్కటి తీద్దాం అని దిగేడు. ఒక్కటి తీస్తే రెండోది పిలిచింది. రెండోదాని పక్కన మొగ్గ మీద తూనీగ వాలింది. అలా అలా రీలంతా అయిపోయింది. బయటికి తీసేడు. చుట్టు కాగితాన్ని నాలిక తడితో అంటించి చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్తది ఎక్కిద్దామని సంచిలో చెయ్యి పెట్టేడు.

లేదు. స్టూడియో బల్ల మీదే ఉండిపోయింది.

వెనక్కి పోదామా అనుకునే లోపల గట్టు మీద సత్తిరాజు ఎదురొచ్చేడు. "రండి బాబూ, రండి. పెద్దలంతా కేకలేస్తున్నారు, పొద్దెక్కిపోతోందని."

నోటిదాకా వచ్చింది మాట. పూలకి తీసేశానండీ, రీలు లేదండీ అని ఎలా చెబుతాడు చెప్పండి? చెప్పలేకపోయేడు. వెనకాలే నడిచేడు.

తాటాకింటి ముందు ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టేరు. ఒరిగిపోకుండా తువ్వాలుతో కట్టేరు. పెద్ద బొట్టు. కొత్త పరికిణీ. పక్కనే తల్లి బంగారమ్మ, వాలిపోతున్న తలని గడ్డం కింద చెయ్యేసి పట్టుకుని కూర్చుంది. పిల్ల జడలో మల్లెలు కాదు, గుర్రపుడెక్క పూలు.

"అవే పెట్టుకునేదండి, పిచ్చిది. అందరూ నవ్వేవోరు" అంది బంగారమ్మ. "మా సూర్యావతికి తమరంటే ఎంత ఇదో బాబూ. ఓ రోజు గట్టు మీద ఫొటో అడిగిందంట కదా. ఫొటో మావయ్యగారు తరవాత తీస్తానన్నారమ్మా అని ఇంటికొచ్చి ఎగిరి గెంతేసింది."

తరవాత తీస్తానని తనెప్పుడన్నాడు? కృపానందం దిక్కులు చూసేడు. అందరూ చూస్తున్నారు. చేతులు వాటంతట అవే కెమెరా తీసేయి. ఫ్లాష్ బిగించేయి.

"తల కొంచెం పైకెత్తండమ్మా" అన్నాడు.

బంగారమ్మ గడ్డం ఎత్తింది. ఖాళీ కెమెరా మీద అతని వేలు నొక్కింది. ఫ్లాష్ తళుక్కుమంది.

"పడిందా బాబూ?"

"పడిందమ్మా" అన్నాడు.

ఆ మరుసటి వారం నుంచీ బంగారమ్మ స్టూడియోకి రావడం మొదలెట్టింది. గుమ్మం పక్క బల్ల మీద కూర్చునేది. "కడిగేరా బాబూ?" అనేది. "ఇంకా లేదమ్మా, మందు రాలేదు" అనేవాడు. "ఆయ్" అనేది. కోపం లేదు, తొందర లేదు. కాసేపు లోపలి నల్ల తెర కేసి చూసి వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేది. కృపానందానికి అన్నం దిగడం మానేసింది. ఆదివారం చర్చిలో పాటకి లేచి నిలబడి నోరు మాత్రం మెదిపేవాడు. పువ్వు కనపడితే తల తిప్పేసుకునేవాడు. జేబులో రీలు జేబులోనే ఉంది. కడగడానికి సిగ్గు. పారెయ్యడానికీ సిగ్గే.

ఓ మధ్యాహ్నం కుండపోతగా వాన. బంగారమ్మ తడిసి ముద్దై వచ్చి కూర్చుంది. అదే సమయానికి రాహేలు వంటింట్లోంచి వచ్చింది. చేతిలో మాసిన చొక్కా, దాంతో పాటు రీలు.

"ఏవండీ, ఈవిడ పిల్ల రీలు ఇదేనా? దీన్ని జేబులో పెట్టుకుని మందు రాలేదంటున్నారా? ఇంకా నయం, చాకిరేవుకి వెయ్యలేదు!" అని బంగారమ్మ వైపు తిరిగింది. "పిన్నిగారూ, మీరు కూర్చోండి. ఇవాళ ఇచ్చేదాకా నేను కదలనివ్వను. టీ పెట్టుకొస్తాను."

ఇంకేం చేస్తాడు? రీలు తీసుకుని తెర తోసుకుని లోపలికి వెళ్ళేడు. తలుపు వేసుకున్నాడు. కాసేపుండి బయటికొచ్చి రీలు పాడైపోయిందని చెప్పేద్దామనుకున్నాడు. ఎలాగూ లోపలికొచ్చేను కదా అని మందు కలిపేడు.

ఫిల్ము కడిగేటప్పుడు ఎర్రబల్బు కూడా ఉండకూడదండి. కటిక చీకటి. ఫిల్ము రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, మందు తొట్టిలో ఈ చేతికీ ఆ చేతికీ ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. అంటించిన కాగితం అంటించినట్టే ఉంది. గోటితో చింపేడు. లైటు తీసేసి ఊపడం మొదలెట్టేడు.

బయట వాన పెంకుల మీద దంచుతోంది. లోపల మందు పుల్లకంపు. చుయ్... చుయ్... అని ఫిల్ము మందులో దిగి లేస్తోంది.

ఇంతలో వాసన మారింది.

కాలవ బురద వాసన. కుళ్ళిన డెక్క వేళ్ళ వాసన. పెంకుల్లోంచి వాన దిగిందేమో అనుకున్నాడు. కాలితో నేల తడిమేడు. పొడిగా ఉంది...

కుడిచేతిలో కొస తేలికైంది.

జారలేదు. తేలికైంది, అంతే. బిందె మోస్తున్నప్పుడు పక్కనుంచి ఇంకొకరు చెయ్యేస్తే అవుతుందే, అలాగ. అతను ఊపడం ఆపేసేడు.

ఫిల్ము ఆగలేదు.

చుయ్... చుయ్...

అరుద్దామనుకున్నాడు. అరిస్తే బయట బంగారమ్మ వింటుంది. ఎంతసేపలా నిలబడ్డాడో! ఫిల్ము దానంతట అదే మెల్లగా ఆగింది. కుడికొస మళ్ళీ బరువైంది, అతని వేళ్ళలో పెట్టినట్టు. వేళ్ళకి చల్లగా ఏదో తగిలి వెళ్ళింది... అతను చీకట్లోనే, బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో మందు తొట్టిని వెతుక్కుని ఫిల్ముని అందులో పడేసేడు. లైటు వేసేడు.

ఎవరూ లేరు.

ఫిల్ముని పైకెత్తి చూసేడు. పూలు. తన జన్మలో అంత అందంగా తీసింది లేదు. ఒక్క క్షణం అంతా మర్చిపోయి మురిసిపోయేడండి, మనిషి బుద్ధి చూడండి! తరవాత కనిపించింది. ప్రతి పువ్వు మీదా అడ్డంగా ఓ నీడ. జడ వేసుకున్న పిల్ల నీడ. ఆ రోజు ఎండ ఎదురుగా ఉంది. ఎవరన్నా వెనకాల నిలబడితే నీడ ఇంకా వెనక్కి పోవాలి. ఇదేమో ముందుకి వచ్చి పువ్వు మీద పడింది.

చివరి బొమ్మ పువ్వు కాదు.

అదేమిటో ఫిల్ములో తెలియలేదు. ఎర్రబల్బు వేసి దాన్ని ప్రింటు కాగితానికి ఎక్కించి మందులో వదిలేడు. ముందు చుట్టూ జనం తేలేరు. తరవాత తాటాకు చూరు. కింద, బొమ్మకి అడ్డంగా, ఓ ఆడమనిషి చెయ్యి... చాలా దగ్గరగా, గడ్డం కింద ఆనించినట్టు. ఎదురుగా కెమెరా పట్టుకుని ఓ మనిషి.

తనే.

కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తను ఎలా కనిపించేడో అలా ఉంది. వంగిన మెడ, నొక్కుతున్న వేలు. పెదాల మీద, పెళ్ళిళ్ళలో అలవాటైపోయిన చిన్న నవ్వు. అబద్ధమాడేటప్పుడు తన మొహం ఇలా ఉంటుందా! ఆ బొమ్మ తీసినప్పుడు ఈ రీలు జేబులో ఉంది కదా. మరి ఎవరు...

ఆ ప్రింటు పట్టుకుని, నీళ్ళు కారుతుండగానే బయటికొచ్చేసేడు. బంగారమ్మ ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు కెమెరాలో రీలు లేదు. దార్లో పూలకి తీసేసేను. ఊరికే ఫ్లాష్ వేసేను. మీ పిల్ల ఫొటో లేదమ్మా నా దగ్గర."

బంగారమ్మ ప్రింటు కేసి చూసింది. ముట్టుకోలేదు.

"తెలుసు బాబూ" అంది మెల్లగా.

"తెలుసా?"

"గడ్డం పట్టుకున్నది నేనే కదా. మెరుపు మెరిసేక నా అరచేతిలో దవడ కదిలింది. 'అమ్మా, అందులో ఏం లేదే' అంది."

కృపానందం తలెత్తేడు.

"మరి... ఇన్నాళ్ళూ ఎందుకొస్తున్నారమ్మా?"

"ఇంటికి రావట్లేదు బాబూ అది. తీయించుకునే వస్తానని ఇక్కడే ఉండిపోయింది. తీసుకెళ్దామని రోజూ వస్తున్నాను." ఆవిడ చూపు అతని మీద లేదు, అతని భుజం మీంచి నల్ల తెర మీద ఉంది. "ఇదిగో, మావయ్యగారు నిజం చెప్పేసేరు కదా. ఇక పద తల్లీ."

ఇద్దరూ తెర కేసి చూసేరు. అది కదల్లేదు. బంగారమ్మ చాలాసేపు ఆగింది. పైట కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"రానంటోంది బాబూ" అని, వానలోకి దిగి వెళ్ళిపోయింది.

కృపానందం లేవబోయేడు. వాన ఒక్కసారిగా తగ్గింది. అప్పుడు వెనక వంటింట్లోంచి రాహేలు గొంతు వినిపించింది. ఎవరితోనో ముద్దుముద్దుగా మాట్లాడుతోంది.

"అయ్యో, ఇంత తడిసిపోయేవేంటమ్మా? ఇలా పొయ్యి దగ్గరకి రా. తల తుడుచుకో."

తరవాత అతన్ని కేకేసింది.

"ఏవండీ! కెమెరా పట్టుకుని ఓసారి ఇలా రండి. రీలు ఉందో లేదో చూసుకుని మరీ రమ్మంటోందండీ ఈ పిల్ల... ఎందుకో!"