తెచ్చినవారి పేరు

సోమవారం ఉదయం ఆస్పత్రి మెట్ల మీద ఒక డాక్టరును కాల్చి చంపారు. ఆ నెలలో ఆయన వార్డులో పంతొమ్మిది మంది పోయారు. అందరూ పాతికేళ్ళలోపు వాళ్ళే, అందరి జేబుల్లోనూ ఒకే రకం నీలం మాత్రలు. ఆ మాత్రల్లో ఏముందో తేల్చమని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పార్సిల్ కట్టి పంపి, వెనక్కి వస్తూ మెట్ల మీదే కూలిపోయాడాయన.

గంట తర్వాత ఏజెంట్ గద్ద డైరెక్టర్ గదిలో కూర్చున్నాడు. గద్ద అన్న కోడ్ నేమ్ పాతికేళ్ళ వయసులో పెట్టింది. ఇప్పుడతనికి యాభై రెండు. మెట్లెక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి. కళ్ళజోడు లేకపోతే ఎదుటివాడి చేతిలో ఉన్నది పిస్తోలో పెన్నో తెలియదు. ఇదే ఆఖరి మిషన్ అని అతను చెప్పడం ఇది నాలుగోసారి.

"రేవులో నాలుగు వందల డ్రమ్ములు దిగాయి," అన్నాడు డైరెక్టర్. "విదేశీ ముఠా సరుకు. రంగుల ఫ్యాక్టరీ కెమికల్ అని కాగితాల్లో ఉంది. దాని మీద నిషేధం లేదు."

"మరి అనుమానం దేనికి?"

"దానికో కవల ఉంది. అణువులో ఒక్క ఫ్లోరిన్‌ని పక్కకి జరిపితే రంగు కాస్తా మత్తుమందు అవుతుంది. అదే ఆ నీలం మాత్ర. చూడ్డానికి రెండూ ఒకటే, బరువూ ఒకటే. మామూలు టెస్టుకి దొరకదు."

"గడువు?"

"బుధవారం సాయంత్రం నాలుగు. అప్పటికి అది రంగు కెమికల్ కాదని ల్యాబ్ తేల్చకపోతే సరుకు వదిలేయాలి. చట్టం అలా ఉంది, ఏం చేస్తాం! ల్యాబ్‌లోంచి శాంపిల్ కొట్టేయడానికి మనిషి వస్తున్నాడని నెమలి కబురు పంపింది. మీరు గ్యాస్ సిలిండర్ల మెకానిక్‌గా లోపలికెళ్ళండి. బయటికి ఈగ కూడా పోకూడదు."

ముఠా లోపల డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి నెమలి. బయటి ప్రపంచానికి ఆమె ల్యాబులకు 'స్టాండర్డులు' అమ్మే కంపెనీ ప్రతినిధి. స్టాండర్డు అంటే, ఫలానా పదార్థమే అని సర్టిఫికెట్ ఉన్న స్వచ్ఛమైన నమూనా. అనుమానం ఉన్న పొడిని దాని పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

డైరెక్టర్ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు: లోపల డొల్లగా ఉన్న స్పానర్, అంటించుకునే మీసం, చొక్కా గుండీలో ఇమిడిపోయే రికార్డర్.

"ల్యాబ్‌లో సీనియర్ అనలిస్ట్ ఎవరో తెలుసుగా?"

"మా వదిన," అన్నాడు గద్ద.

"మీరెవరో ఆవిడకి తెలియకూడదు."

గద్ద తలూపాడు. అతని తొమ్మిదో ఏట తల్లి పోతే, కొత్త కోడలిగా వచ్చి అన్నం కలిపి పెట్టింది ఈ వదినే. అన్నయ్య పోయినప్పుడు మాత్రం అతను ఏదో దేశంలో ఏదో పేరుతో తిరుగుతున్నాడు. కబురు అందేసరికి మూడు వారాలు దాటిపోయింది. ఆ తర్వాత ఆమెకు మొహం చూపించలేదు. ఆరేళ్ళయింది.

మంగళవారం మధ్యాహ్నం కాఫీ హోటల్లో నెమలి ఎదురైంది. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, ముత్యాల పోగులు. ఆమె లోపలికి రాగానే నాలుగు బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"గాలి ఎటు వీస్తోంది?"

"కిటికీ తెరిస్తే చెబుతా," అంది.

కోడ్ కలిసింది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి బొటనవేలంత సీసా తీసింది.

"రంగు కెమికల్ స్టాండర్డు. ల్యాబ్ దీనికోసమే చూస్తోంది. పోస్టులో వస్తే దారిలోనే మాయం చేస్తారు. మీ చేత్తో ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మీ డైరెక్టర్‌కి చెప్పాను."

"శాంపిల్ దొంగ ఎవరు?"

"మొహం చూస్తే గుర్తుపడతాను. రేపు విజిటర్స్ రూమ్‌లో కూర్చుంటా." ఆమె నవ్వింది. "బాగా అలసిపోయినట్టున్నారు."

ఎవరైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. గద్దకు ఆమె మీద నమ్మకం కుదిరిపోయింది. సీసా స్పానర్‌లోకి, స్పానర్‌తో సహా ల్యాబ్ ఫ్రిజ్ దాకా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న అతను సిలిండర్ల మధ్య నడుం వంచి బోల్టులు బిగించాడు, వదిలించాడు, మళ్ళీ బిగించాడు. బయటికెళ్ళే ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ, చెత్తబుట్టనీ కళ్ళతోనే తడిమాడు. పది అడుగుల అవతల తెల్లకోటు వేసుకుని వదిన మెషిన్ ముందు కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఒక్కసారి కూడా తలెత్తి ఇటు చూడలేదు.

బుధవారం మూడు దాటింది. దొంగ రాలేదు.

"మేడమ్, సంతకం పెట్టేయండి," ల్యాబ్ హెడ్ హడావుడి పడుతున్నాడు. "డ్రమ్ముల శాంపిల్, స్టాండర్డు రెండూ తొంభై తొమ్మిది శాతం కలిశాయి. రంగు కెమికలే. స్టాండర్డుతో కలిస్తే ఇంకో టెస్టు అక్కర్లేదని రూలు కూడా ఉంది."

"కాస్త ఆగండి," అంది వదిన.

హెడ్ విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. వదిన రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టుకుంది; పొడిలోని ఒక్కో పదార్థం మెషిన్‌లోంచి బయటికొచ్చిన నిమిషం దగ్గర ఒక్కో గీత. ముప్పై ఏళ్ళుగా ఆమెకదే అలవాటు. అందరూ ఆకాశానికి లేచిన పెద్ద గీతను చూస్తే, ఆమె అడుగున ఉన్న చిన్న చిన్న గీతలను చూస్తుంది. తర్వాత రిజిస్టర్ తెరిచింది.

"చిన్నోడా," అంది తల తిప్పకుండానే. "ఆ మీసం ఎడమవైపు ఊడుతోంది. ఇలా రా."

గద్ద స్పానర్ కింద పెట్టి దగ్గరికెళ్ళాడు.

"నిన్న గుమ్మంలోకి రాగానే తెలిసింది. ఎడమచేత్తో స్పానర్ పట్టేది మీ ఇంట్లో నువ్వొక్కడివే. నువ్వు పలకరించలేదు, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఈ సీసా ఎవరు తెచ్చారు? ప్రతి స్టాండర్డుకీ తెచ్చినవారి పేరు రాస్తాం. దీని ఎదురుగా ఖాళీ ఉంది. పైవాళ్ళు పంపారు, అడక్కండి అంటాడు మా హెడ్."

"ఏమైంది వదినా?"

"తొమ్మిదో నిమిషం దగ్గర చూడు. గోరంత గీత. డ్రమ్ముల పొడిలో ఉంది. వండేటప్పుడు సరిగ్గా కడగకపోతే మిగిలే మడ్డి అది. బాగానే ఉంది, దొంగసరుకులో మడ్డి ఉంటుంది. మరి ఇంత ఖరీదైన స్టాండర్డులో అదే మడ్డి, అదే చోట ఎందుకుంది?"

గద్దకు అర్థమైంది. సీసాలో ఉన్నది స్టాండర్డు కాదు. ఆ డ్రమ్ముల్లోంచే కాస్త తీసి, రంగు కెమికల్ అని లేబుల్ అంటించారు. విషాన్ని విషంతోనే పోలిస్తే కలవక ఏం చేస్తుంది? లోపల్నించి ఏదీ పోకుండా రెండ్రోజులు కాపలా కాశాడు. లోపలికి రాకూడనిదాన్ని స్వయంగా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది తనే.

"నేనే తెచ్చాను వదినా."

వదిన అతని మొహంలోకి చూసింది. ఆ చూపు ముందు అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఏడుపు తర్వాత. టైమెంత?"

"మూడూ ఇరవై."

ఆమె పై అరలోంచి దుమ్ము పట్టిన పుస్తకం దించింది. రంగు కెమికల్స్ ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫుల సంకలనం, ముప్పై ఏళ్ళ నాటి అచ్చు. "మెషిన్లో ఏదైనా మార్చొచ్చు, సీసా మార్చొచ్చు. దీన్నెవరూ ముట్టుకోలేదు. నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు కూడా."

డ్రమ్ముల పొడి చిటికెడు ఇన్‌ఫ్రారెడ్ మెషిన్‌లో పెట్టింది. ఫ్లోరిన్ ఎక్కడ కూర్చుందో ఆ మెషిన్ దగ్గర దాగదు. కాగితం మెల్లగా బయటికొచ్చింది. పుస్తకంలో రెండు గీతలున్న చోట కాగితం మీద ఒక్కటే ఉంది. ఇంకోసారి చేసింది. అదే. డాక్టర్ పంపిన నీలం మాత్ర నూరి పెట్టింది. డ్రమ్ముల గ్రాఫు, మాత్ర గ్రాఫు అచ్చు గుద్దినట్టున్నాయి.

మూడూ యాభై ఏడుకు రిపోర్టు మీద సంతకం పెట్టింది. మూడూ యాభై ఎనిమిదికి హెడ్ రేవుకు ఫోన్ చేశాడు. అప్పటికే మొదటి లారీ ఇంజన్ స్టార్ట్ చేశారట.

గద్ద మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులు దిగాడు. విజిటర్స్ రూమ్‌లో నెమలి గడియారం చూసుకుంటోంది.

"గాలి ఎటు వీస్తోంది?" అన్నాడు.

ఆమెకు అర్థమైంది. "సీసా తెచ్చింది మీరు. నేనిచ్చానని సాక్ష్యం ఏముంది?"

గద్ద చొక్కా గుండీ తట్టాడు. "నిన్నటి నుంచి ఆన్‌లోనే ఉంది. ఎలా ఆపాలో నాకు తెలియలేదు."

గార్డులు ఆమెను తీసుకెళ్ళారు. వెళ్తూ వెనక్కి తిరిగి, "నిజంగానే అలసిపోయారు మీరు," అంది. ఈసారి అబద్ధం కాదనిపించింది.

అతను మళ్ళీ మెట్లెక్కి వెళ్ళేసరికి వదిన రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది.

"పేరు రాయి. మారుపేర్లు వద్దు."

ఇరవై ఏడేళ్ళుగా అతను ఎక్కడా రాయని పేరది. వంకరటింకరగా, ఇంటిపేరుతో సహా రాశాడు. వదిన కళ్ళజోడు సర్దుకుని చదువుకుంది. అదే ఇంటిపేరు ఆమె సంతకంలోనూ ఉంది.

"ఫోన్ నంబర్ కూడా," అంది. "మోగేది రాయి."