రసూల్ పాదం

ఆ ఉదయం కూడా ముసురు పట్టే ఉంది. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన రసూల్ మెకానిక్ షెడ్డు, దాని వెనకే ఇల్లు. పొయ్యి మీద టీ మరుగుతున్నా జరీనా చెవి మాత్రం షెడ్డు వైపే ఉంది. తండ్రీ కూతుళ్లు సరిగ్గా మాట్లాడుకుని చాన్నాళ్లయింది. మాట్లాడుకున్న రోజున ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు.

గొడవంతా ఆ పాత ఫియట్ కారు గురించే. రసూల్ పెళ్లయిన కొత్తలో తుక్కు కింద కొని బతికించిన బండి అది. డిప్లొమా చదివిన కూతురు సబా దానికి ఇంజను మార్చింది, వెనక సీటు పీకేసింది, చెన్నై దగ్గర రేసు ట్రాక్ మీద జరిగే పాత కార్ల పోటీకి పేరిచ్చింది. పోటీ ఆదివారం. అక్కడ ప్రతి మలుపు ముందూ బ్రేకు గట్టిగా తొక్కాలి. పాత డ్రమ్ము బ్రేకులైతే కాసేపటికే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకని ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టాలనుకుంది. నాన్న ఉండగా తనకేం దిగులు అనుకుంది పాపం. ఆయన పానా కూడా ముట్టుకోలేదు. చివరికి షెడ్డులో పనిచేసే నాగూర్ వలి సాయంతో తనే బిగించుకుంది.

ఇక మిగిలింది రసూల్ కాలు పెట్టడమే. ఆ షెడ్డుకో పద్ధతి ఉంది. బ్రేకు పని ఎవరు చేసినా, చివర్లో రసూల్ చెప్పు విడిచి ఉత్త కాలితో పెడల్ తొక్కి చూడాలి. గొట్టాల్లో రవ్వంత గాలి మిగిలినా ఆ అరికాలికి తెలిసిపోయేది. అంతా బాగుంటే దిగొచ్చి, బానెట్ మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ చప్పుడు వింటేగానీ ఎవరూ తాళం అందుకునేవాళ్లు కాదు. మాచర్ల నుంచీ గురజాల నుంచీ బండ్లు వచ్చేది ఆ దెబ్బ కోసమే. ఈమధ్య మాత్రం బ్రేకు పనులొస్తే ఏదో ఒక వంక చెప్పి తిప్పి పంపేస్తున్నాడు. మనిషికి బద్ధకం వచ్చిందనుకుంది జరీనా.

"నాన్నా, ఇయ్యాలన్నా చూస్తావా లేదా?" సబా గొంతు పెరిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆడపిల్లకి రేసులేంది? బజార్లో నలుగురూ ఏమనుకుంటారు?"

"ఈ బండి మీద నాకు డ్రైవింగ్ నేర్పిందెవరు? అప్పుడు గుర్తులేదా ఆడపిల్లనని?"

"బుద్ధిలేక నేర్పా."

జరీనా టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. "ఏందయ్యా ఆ మాటలు? వద్దంటే వద్దని నెమ్మదిగా చెప్పు. అది నీ బిడ్డే గదా."

"నెమ్మదిగా చెప్తే వినే రకమా అది? అంతా నీ గారాబం."

"నా గారాబమా! పుట్టినప్పటినుంచీ దాన్ని ఒళ్లో పెట్టుకుని స్టీరింగ్ తిప్పిచ్చింది నేనా?"

సబా కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళం గట్టిగా పట్టుకుంది. "సరే నాన్నా. చూడొద్దులే. ఇట్టాగే తీసుకుపోతా. ఏదైనా అయితే నా ఖర్మ."

రసూల్ మొహం నల్లబడింది. చెప్పు విడిచి, ఇనుప ముక్కలు పడి ఉన్న నేల మీదుగా నడిచి కారులో కూర్చున్నాడు. పెడల్ తొక్కాడు. మళ్లీ తొక్కాడు. ఎప్పుడూ కళ్లు మూసుకుని తొక్కే మనిషి, ఈసారి వంగి తన కాలి వైపే చూస్తూ తొక్కాడు. తర్వాత దిగి, "బాగానే ఉంది. పో" అని మొహం తిప్పుకున్నాడు.

బానెట్ మీద దెబ్బ మాత్రం వేయలేదు. కోపం ఇంకా చల్లారలేదు కాబోలు అనుకుంది సబా.

ఆమె కూడా తండ్రి నేర్పినట్టే చెప్పులు విడిచి కారెక్కింది. షెడ్డు ముందు నేల రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. ఆ వాలు చివర, గేటు పక్కన కుళాయి. టీ గ్లాసులు అక్కడ పెట్టి, ఇటు వీపు పెట్టి జరీనా బకెట్ నింపుకుంటోంది. కారు కదిలింది. గేటు దగ్గర పడుతుండగా సబా బ్రేకు తొక్కింది.

పెడల్ మెత్తగా కిందికంటా దిగిపోయింది.

"అమ్మా!" అని అరుస్తూ హ్యాండ్‌బ్రేకు లాగింది. బకెట్ పటపటా పగిలింది. జరీనా పక్కకు దూకి బురదలో పడింది. కారు కుళాయి గట్టుకు ఆనుకుని ఆగిపోయింది.

సబా ఒక్క అంగలో దిగి తల్లిని పైకి లేపింది. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప జరీనాకు ఏమీ కాలేదు. అది చూసుకున్నాకే తండ్రి వైపు తిరిగింది.

"బాగానే ఉందన్నావు గదా నాన్నా? గొట్టం నిండా గాలే! నేను చెన్నై పోకూడదని ఇంత పని చేస్తావా? అమ్మ చచ్చిపోయేదే!"

రసూల్ వాలు దిగి వచ్చాడు. జరీనాకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. అప్పుడు సబా తన పాదం తడితడిగా ఉండటం గమనించింది. అరికాలికి రక్తం. తడిమి చూసుకుంది, ఎక్కడా గాయం లేదు. కారులోకి వంగి చూస్తే పెడల్ రబ్బరు మీద రక్తం. షెడ్డులోంచి తండ్రి నిలబడ్డ చోటిదాకా నేల మీద ఎర్రటి అడుగులు.

"నాన్నా, నీ కాలు!"

రసూల్ కిందికి చూసుకున్నాడు. అరికాల్లో ఇనుప పెచ్చు సగందాకా దిగి ఉంది. దాన్ని ఆయన వేరెవరి కాలో చూసినట్టు చూశాడు.

"నొప్పి పుట్టలేదా?" అంది జరీనా.

"తెలియదే." ఆయన కుళాయి గట్టు మీద కూలబడ్డాడు. "రంజాన్‌కు ముందునుంచే తెలియట్లా. షుగర్ ముదిరినట్టుంది. పెడల్ మీద కాలుందో లేదో కళ్లతో చూసుకోవాల్సొస్తంది."

"చెప్పొచ్చు గదయ్యా నాకు!"

"ఏమని చెప్పను? రసూల్ కాలు చచ్చిపోయిందంటే ఈ షెడ్డుకి ఎవడొస్తాడు? వలి చేశాడు గదా, బాగానే ఉండుద్దిలే అనుకున్నా. అయినా దెబ్బ వేయడానికి చెయ్యి రాలా."

సబా ఆయన ముందు కూర్చుని, పాదం ఒళ్లోకి తీసుకుంది. "అయితే ఆడపిల్లని, బజారని, అన్ని మాటలన్నావే…"

"నీకు అడ్డం పడటానికి వేరే మాట దొరకలేదమ్మా. కాలు తెలియట్లేదని చెప్పడం కంటే అదే తేలికైంది." అరవై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నెలల తరబడి తండ్రిని తిట్టుకున్న ప్రతి మాటా సబాకు గుర్తొచ్చింది. ఆయన మోకాళ్ల మీద తలవాల్చి తనూ ఏడ్చింది.

ఆదివారం చెన్నైలో పోటీ జరిగింది. ఆ సమయానికి ముగ్గురూ గుంటూరు ఆసుపత్రి వరండాలో ఉన్నారు. వేళ్ల కింద ఆయనకే తెలియకుండా ముదిరిన పుండు లోపలికి పాకిందని డాక్టర్లు రెండు వేళ్లు తీసేశారు. మిగతా పాదం నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు.

కట్టుతో ఇంటికొచ్చాక రసూల్ చాలా రోజులు షెడ్డు వైపు చూడలేదు. ఒక ఉదయం సబా ఆయన కుర్చీని తీసుకెళ్లి ఫియట్ ముందు చక్రం పక్కన వేసింది. పానా ఆయన చేతికిచ్చి, తను చెప్పులు విడిచి కారులో కూర్చుంది.

"నాకెందుకే ఇయన్నీ," అన్నాడు, కానీ పానా కింద పెట్టలేదు.

"నువ్వు గాలి తియ్యి. నేను తొక్కుతా."

"తొక్కు. పట్టుకో." మర తిప్పాడు. గొట్టంలోంచి బుడగలు బుసబుసా వచ్చాయి. "ఇప్పుడొదులు. ఏం తెలుస్తంది?"

"చివర్లో కొంచెం మెత్తగా ఉంది."

"అయితే ఇంకా ఉంది. కళ్లు మూసుకుని తొక్కు."

చాలాసేపు అలాగే సాగింది. చివరికి సబా పాదం కింద పెడల్ కదలకుండా నిలబడింది. "రాయిలా ఉంది నాన్నా. నువ్వు కూడా ఒకసారి చూడు."

రసూల్ తల అడ్డంగా ఊపాడు. "నేను చూసేదేముంది? నీకు తెలిసింది గదా. దిగి బానెట్ మీద నువ్వే వెయ్యి."

వంటింట్లో ఉన్న జరీనాకు ఆ చప్పుడు వినిపించింది. ఇన్నేళ్లుగా వింటున్న దెబ్బ కాదది. కాస్త పలచగా, కాస్త భయంగా ఉంది. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, ముగ్గురికీ టీ పెట్టింది.