గొళ్ళెం వారి తలుపు

ఊరి చివర జ్వరాల ఇల్లంటే జనం పట్టపగలు కూడా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ఎప్పుడో అంటురోగం వచ్చినప్పుడు రోగుల్ని అందులో ఉంచారట. చీకటి పడితే చాలు... వెనక గది తలుపుని లోపల్నించి ఎవరో కొడతారని చెప్పుకునేవారు. గది చూస్తే ఖాళీ!

మన వడ్రంగికి ఇలాంటివంటే నవ్వు. "దెయ్యాలకి తలుపు దేనికయ్యా, గోడలోంచి రావచ్చుగా" అనేవాడు. అతని బాధల్లా ఇంటిపేరు గురించే. గొళ్ళెం వారు! బళ్ళో పిల్లలు వెక్కిరించారు సరే, పెళ్ళయ్యాక భార్య కూడా మొదలుపెట్టింది. ఇప్పుడామెకి నెలలు నిండాయి.

"ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పండి. లేదంటే బిడ్డకి మా పుట్టింటి పేరే రాయిస్తాను," అని తేల్చి చెప్పేసింది.

వడ్రంగికి పౌరుషం పొడుచుకొచ్చింది. తనవాళ్ళు ఏ కోట తలుపుకో కాపలా కాసి ఉంటారని అతని నమ్మకం. వెళ్ళి మేనత్తని అడిగాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

"వద్దురా నాన్నా."

"బిడ్డ విషయం, అత్తా..."

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది — "మీ ముత్తాత కాపలా ఉన్నది జ్వరాల ఇంట్లోనే. అక్కడ వెనక గది తలుపు... లోపలివైపు చూసుకో. ఆ ఇల్లు రేపే కూల్చేస్తున్నారట."

రేపే! ఇంకేముంది, ఆ రాత్రే టార్చి పట్టుకుని బయల్దేరాడు.

వరండా నిండా పెచ్చులు, గబ్బిలాల కంపు. వెనక గది తలుపుకి బయట గొళ్ళెం... మూరెడు పొడుగు, తుప్పు పట్టి ఉంది. బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. కానీ నూనె రాసినట్టు జారి వచ్చింది.

లోపల ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని, తలుపు దగ్గరగా వేసి, టార్చి వెలుగు దాని మీద వేశాడు. మేకుతో గీకిన అక్షరాలు —

"గొళ్ళెం వేసి పారిపోయాడు. పొద్దున్నే వచ్చి తీస్తానన్నాడు. తొమ్మిదిమందిమి ఉన్నాం. ఇవాళ నాలుగో రోజు."

కోటా లేదు, గొప్పా లేదు. ముత్తాతకి ఊరు తగిలించిన నింద అది. మురిసిపోతూ దాన్ని బిడ్డకి కూడా ఇవ్వబోయాడు! సిగ్గుతో కుంగిపోయాడు.

ఠక్!

బయట గొళ్ళెం పడింది.

"ఎవరది? తియ్యండి!"

అవతల ఎవరో రొప్పుతున్నారు. ముసలి గొంతు... చనిపోయిన నాన్న గొంతులాగే ఉంది.

"భయపడకండి... పొద్దున్నే వస్తాను..."

"తాతా! నేను నీ మునిమనవణ్ణి! తియ్యి!"

రొప్పు ఆగింది.

"మా ఇంటివాడివా? అయితే... వాళ్ళకి జవాబు నువ్వే చెప్పు నాయనా."

అడుగులు దూరమయ్యాయి. టార్చి ఆరిపోయింది. అతని వెనక, చీకట్లో, ఎవరో దగ్గారు. ఆ పక్కనే ఇంకొకరు...

తెల్లారి కూల్చడానికొచ్చిన కూలీలు గొళ్ళెం తీస్తే, వడ్రంగి తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూడు రోజులకి గానీ నోరు పెగల్లేదు. అప్పుడు భార్యకి అంతా చెప్పాడు.

ఆ వారమే పాప పుట్టింది.

"పోనీలెండి, మా ఇంటిపేరే రాయిద్దాం," అంది భార్య. "ఆ పాపం దీనికెందుకు?"

"వద్దు... ఒప్పుకోరు."

"ఎవరు?"

అతను ఉయ్యాల చుట్టూ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు.

"ఆ ఇల్లు కూల్చేశారుగా... పాపం, ఇంకెక్కడికి పోతారు?"