పిన్ని మోచేతికి ఒక బటన్

పళ్ళ డాక్టరు పిన్ని క్లినిక్‌లో అందరూ బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. గడుగ్గాయి ఒక్కతే లోపల కంప్యూటర్ ముందు దర్జాగా కూర్చుంది. ఇంట్లో ఆ పిల్ల ముద్దుపేరు అదే. పేరుకు తగ్గ పిల్లే.

సెలవుల్లో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, తెర మీద కిటికీలు, బటన్లు పెట్టే టూల్‌కిట్‌తో పిన్ని కోసం ఒక అప్లికేషన్ తయారుచేసింది. అందులో "తర్వాతి వారు" అనే బటన్ నొక్కితే బయట గదిలో తర్వాతి నంబరు కనిపిస్తుంది. అందంగా ఉండాలని ఏడు రంగులు వేసింది. గెంతులేసే పన్ను బొమ్మ పెట్టింది. పొరపాటున నొక్కుతారేమోనని "ఖాయమేనా?" అని అడిగించింది. అది చాలదన్నట్టు "నిజంగా ఖాయమేనా?" అని కూడా అడిగించింది.

సాయంత్రం దాకా వాడి చూస్తానని, కుదరకపోతే తీసేస్తానని పిన్ని ముందే చెప్పింది. అందుకే గడుగ్గాయి తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

మొదటి పేషెంటు పని అయిపోయి కుర్చీలోంచి లేచాడు. పిన్ని గ్లవ్స్ తడిగా ఉన్నాయి. మౌస్‌ను మోచేత్తో జరిపింది. బాణం గుర్తు తెరంతా షికారు చేసింది కానీ ఆ బుల్లి బటన్ మీద నిలవలేదు. ఎలాగో నొక్కితే "ఖాయమేనా?" అంది. మళ్ళీ నొక్కితే "నిజంగా ఖాయమేనా?" అంది. పిన్ని విసుగొచ్చి టకటకా నొక్కేసింది. బయట నంబర్లు గబగబా మారిపోయి, ముగ్గురు పేషెంట్లు ఒకేసారి తలుపులో ఇరుక్కున్నారు. అందులో ఒకాయన అప్పటికే నోరు తెరిచి ఉంచాడు.

గడుగ్గాయికి ఉక్రోషం వచ్చింది.

"నీకు వాడటం రావట్లేదు పిన్నీ."

"మరి ఎవరి కోసం చేశావే ఇది?"

పిన్ని కోపంగా అడగలేదు. అయినా గడుగ్గాయి మొహం చిన్నబోయింది. వెళ్ళి మూలనున్న స్టూలు మీద కూర్చుంది. అప్పుడే మొదటిసారి తెరను వదిలి పిన్ని చేతులను చూసింది. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో పరికరం. ఖాళీగా ఉన్నది మోచెయ్యి ఒక్కటే.

పిన్ని భోజనానికి వెళ్ళగానే గడుగ్గాయి పనిలో పడింది. రంగులు తీసేసింది. రెండు ప్రశ్నలూ తీసేసింది. పన్ను బొమ్మను తీసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు కీబోర్డులో అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న కీని తడితే చాలు, నంబరు మారుతుంది. తర్వాత తనే గ్లవ్స్ తొడుక్కుని, తడుపుకుని, మోచేత్తో పదేపదే తట్టి చూసుకుంది.

మధ్యాహ్నమంతా పేషెంట్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళారు. తలుపులో ఎవరూ ఇరుక్కోలేదు. సాయంత్రం గడుగ్గాయి బెరుగ్గా దగ్గరికి వెళ్ళింది.

"తీసేయనా పిన్నీ?"

పని ముగుస్తుండగా, పిన్ని పేషెంటు నోట్లోంచి తలెత్తకుండానే మోచేత్తో కీ తట్టింది.

"దేన్నే?" అంది.