తెల్లబడిన కమ్మ

"మా అత్తగారు నా బిడ్డకి విషం పెడుతోందండీ!"

కుర్చీలో కూర్చోకుండానే అనేసింది వచ్చినావిడ. బిడ్డ మంచాన పడితే తల్లి మనసు ఎంత చెడ్డ ఆలోచన దాకానైనా పోతుంది. డిటెక్టివ్ మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. ఆయన సహాయకురాలు, రిటైరైన నర్సు, నోట్‌బుక్ తెరిచింది. ఆయన ప్రశ్న సూదిలా, దిగినట్టే తెలియకుండా దిగుతుందని ఈ నర్సు తెగ మెచ్చుకుంటుంది.

ఆరేళ్ల పాపకు నెల రోజులుగా చేతులు వణుకుతున్నాయి. చిగుళ్ల నుంచి రక్తం. నిద్ర లేదు, ఒకటే చిరాకు. డాక్టరిచ్చిన టానిక్కు ఏ మూలకీ రాలేదు.

"పాలు కలిపేది ఆవిడేనండీ. నన్ను గిన్నె ముట్టుకోనివ్వదు."

"ఆ పాలు ఇంకెవరు తాగుతారమ్మా?"

"చిన్నాడు. వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు. మనవడంటే ఆవిడకి ప్రాణం మరి! ఇవాళ తేల్చండి. ఆ ఇంట్లో ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

గంటలో ముగ్గురూ ఆ ఇంటికి చేరారు. పెరటి షెడ్డులో భర్త ఇత్తడి పాత్రలకు బంగారు పూత వేస్తున్నాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి, మెత్తటి తోలులో మూటగట్టి పిండితే, ఎక్కువైన పాదరసం కారిపోయి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. అది పులిమి వేడి చేస్తే పాదరసం ఆవిరై, బంగారం అంటుకుపోతుంది.

"పిల్లలు ఇక్కడికొస్తారా?"

"గడప తొక్కనివ్వనండీ. ఆ ఆవిరి కనబడదు, వాసనా రాదు. నేనైనా స్నానం చేసిగానీ ఇంట్లోకి పోను."

"పాత తోళ్లు?"

"నలుసంత బంగారం ఉంటుందని బయట డబ్బాలో దాస్తాను."

వంటింట్లో అత్తగారు చీర కొంగు దోపుకుని నిలబడింది. "పంచదార తప్ప ఏం కలపలేదు బాబూ. నమ్మకపోతే ఆ డబ్బా మొత్తం నా నోట్లో పొయ్యండి!"

మంచం మీది పాప చెవుల వైపు డిటెక్టివ్ చాలాసేపు చూశాడు. ఎడమ కమ్మ పచ్చగా ఉంది. కుడి కమ్మ వెండిలా తెల్లబడింది.

"ఒకే జతేనండీ," అంది తల్లి. "కంసాలి మోసం చేసుంటాడు."

"నువ్వు ఎటు తిరిగి పడుకుంటావమ్మా?"

"ఇటు," పాప కుడి చెంప తట్టుకుంది. "దిండు కొత్త గలీబు మెత్తగా ఉంటుంది."

డిటెక్టివ్ అందరినీ పెరట్లోకి పిలిచాడు. దిండును ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తెచ్చింది నర్సు.

"మింగిన విషం ఒక్క కమ్మనే తెల్లబరచదు. కుడి చెవి రోజూ దేన్నో ఆనుకుంటోంది. తాకితే చాలు, బంగారాన్ని తెల్లబరిచేది ఈ ఇంట్లో పాదరసం ఒక్కటే." సంచి పైనుంచే దిండును నొక్కాడు. కుట్టు సందులోంచి ఆవగింజంత మెరిసే చుక్క జారింది. "ఈ గలీబు షెడ్డులో వాడిన పాత తోళ్లది. కుట్టిందెవరు?"

భర్త తన తల్లి వైపు అనుమానంగా చూశాడు.

"నేనే," అంది కోడలు. "నూలు గలీబు గుచ్చుకుంటోందంటే... ఆ డబ్బాలోవి తీసి మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికానండీ."

"పాదరసం సబ్బుకి లొంగదమ్మా. తోలు పొరల్లో దాక్కుంటుంది. తల వెచ్చదనానికి ఆవిరై, నిద్రలో బిడ్డ ఊపిరితో లోపలికి పోయింది."

"గడప సంగతి చెప్పాను గానీ, డబ్బా సంగతి చెప్పలేదు," భర్త తల పట్టుకున్నాడు.

"పాప బతుకుతుందా అండీ?" అడిగింది కోడలు.

"పరీక్ష చేసి, దాన్ని ఒంట్లోంచి బయటికి పంపే మందులిస్తారు," అంది నర్సు. "ఇంకో నెల ఆగితే ఏమయ్యేదో. వెంటనే బయలుదేరండి."

"ఆ గది ఊడవొద్దు," అన్నాడు డిటెక్టివ్. "కిటికీలు తెరిచి, తలుపు మూసెయ్యండి. శుభ్రం చేయించేదాకా చిన్నాణ్ణీ అటు పోనివ్వకండి."

కోడలు నేల మీదే కూలబడింది. అత్తగారి మొహం చూడలేకపోయింది. అప్పటికే ఆవిడ పాపను చంకనేసుకుని వీధి గుమ్మంలో నిలబడింది.

"లేచి చెప్పులేసుకోవే. నన్ను తిట్టాలనుంటే ఆటోలో తిడుదువుగాని."