యంత్రం చదవని వాక్యం

"మూడు వారాల క్రితం పోయిన మనిషి ఈ ఉదయం తొమ్మిదింటికి సంతకం చేశాడు," అన్నాడు చీఫ్, కాగితాన్ని బల్ల మీద ముందుకు జరుపుతూ.

శాఖలో అందరూ గుమాస్తా అని పిలిచే ఏజెంట్ దాన్ని చూశాడు. కింద ఉన్నది అతని అన్నగారి పేరు.

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"ఆయన రాత నీకు తెలుసు గనక. ఆనకట్ట గేట్లను నడిపే కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ మీ అన్నయ్య బిల్డ్ టూల్‌లోనే తయారవుతుంది. దాన్ని ముందు ఎమ్యులేటర్ మీద నడుపుతారు. గేటు కంప్యూటర్‌కి అది డూప్. డూప్ ఓకే అంటేనే అసలు గేట్లకు వెళ్తుంది. ఈ ఉదయం ఆ ఎమ్యులేటర్ ప్యాకేజీనే కొత్త వెర్షన్‌కి మార్చారు."

"డూప్ అబద్ధం చెబితే?"

"నాలుగింటికి రిలీజ్. ఆ వెంటనే గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువన లక్షమంది."

"ఇప్పుడే ఆపెయ్యొచ్చుగా?"

"ఆపితే దీని వెనకున్న ముఠా మాయమై ఇంకో ఆనకట్ట వెతుక్కుంటుంది. మీ అన్నయ్య పేరుతో సంతకం వేసే పెన్‌డ్రైవ్, అదే సంతకం తాళం, ఎవరి చేతిలో ఉందో చూడు."

మూడున్నరకు గుమాస్తా అంటుమీసంతో, అగ్నిమాపక పరికరాల ఇన్‌స్పెక్టర్‌గా ఆ ఆఫీసులో అడుగుపెట్టాడు.

"మూడో గదిలోకి నేను రానండీ," వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "పోయిన సారు ఇంకా డ్యూటీకి వస్తున్నారు. కుర్చీ దానంతటదే తిరుగుతోంది."

నిజంగానే తిరుగుతోంది. పైనుంచి ఏసీ గాలి దానికి సూటిగా తగులుతోంది. గుమాస్తా ఏసీ రెక్కను పక్కకు తిప్పాడు, కుర్చీ ఆగింది. కానీ తెర మీద అన్న పేరు పక్కన, ఆయన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు వెలుగుతున్న పచ్చచుక్కకు అంత సులువైన రెక్క ఏదీ కనిపించలేదు.

పక్క బల్ల దగ్గర, అదే ఆఫీసులో పనిచేసే వదిన. నల్ల కళ్లద్దాలు, ఎర్రని లిప్‌స్టిక్. మూడు వారాలకే అలంకారమా అని ఆఫీసు గుసగుసలాడుతోందనీ, ఆమె ముఠా మనిషేననీ చీఫ్ ఇచ్చిన ఫైలు చెప్పింది. లిప్‌స్టిక్ సాక్ష్యం కాదని అతని సిద్ధాంతం. రెండో మాటే గుండెలో ముల్లులా ఉంది. ఆమె వెనకాలే రిలీజ్ మేనేజర్, కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

వదిన ఒక్క క్షణం ఆ మీసం వైపు చూసింది. పన్నెండేళ్లు అన్నం పెట్టిన మనిషి పోల్చుకోకుండా ఉంటుందా?

"ఏమండీ ఇన్‌స్పెక్టరుగారూ, ఇందాకటి నుంచీ గోడలే తడుముతున్నారు. ఈ మానిటర్ వెనక వైరు కాలిపోతోంది, కాస్త చూసి పుణ్యం కట్టుకోండి."

"తొందరగా కానివ్వవయ్యా," అన్నాడు మేనేజర్. "పది నిమిషాల్లో రిలీజ్."

గుమాస్తా వంగాడు. తెర మీద ఎమ్యులేటర్ ప్యాకేజీ ఫైలు. కొత్త వెర్షన్‌కి వేలిముద్ర లాంటి పొడుగాటి అంకె. దానిపైన # గుర్తుతో మొదలయ్యే వాక్యం. ఆ గుర్తున్న వరుసను యంత్రం చదవదు. అది మనుషుల కోసం. అన్న పదిహేనేళ్లుగా అక్కడ ఒకటే రాసేవాడు: 'అసలు తయారీదారు సంతకం సరిచూసి లెక్కించినది.' ఇవాళ వేరేగా ఉంది:

'లెక్కించినది మాత్రమే. సంతకం సరిచూడనివ్వలేదు. పాప స్కూలు గేటు దగ్గర తెల్ల కారు.'

పాప అంటే అన్న కూతురు. అన్న సంతకంతో ఇది రాసింది వదిన.

బిల్డ్ పాసయిందా లేదా అన్నదే చూసుకున్న మేనేజర్, యంత్రంలాగే ఆ వరుసను దాటేశాడు.

గుమాస్తా చేతి గడియారం మీటతో చుక్కలూ గీతలూ కొట్టి చీఫ్‌కి సంకేతం పంపాడు: స్కూలు, తెల్ల కారు. "వైరు బాగానే ఉందమ్మా. కాస్త ఆగితే చల్లబడుతుంది."

మూడు యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. మేనేజర్ వేలు కీబోర్డు మీదికి వాలింది. మణికట్టు దగ్గర గడియారం వణికింది: కారు దొరికింది.

గుమాస్తా ఆ చేతిని ఒడిసిపట్టాడు. వదిన సంతకం తాళాన్ని కంప్యూటర్ నుంచి లాగేసింది. 'సంతకం లేదు. రిలీజ్ రద్దు,' అంది తెర. నాలుగింటికి ఇంకా ఎనిమిది సెకన్లు.

"ఆయన ఒప్పుకోలేదు, అందుకే లారీతో గుద్దించారు," అంది వదిన. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. "వీళ్లలో చేరితేనే పేర్లు తెలుస్తాయనుకున్నాను. పదకొండు మంది. రాసుకో మరిదీ. ముందు ఆ మీసం తియ్యి, చూడలేకపోతున్నాను."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో దెయ్యం సంగతి ఏం రాశావు?"

"దెయ్యాలు లేవనే రాశానండీ," అన్నాడు గుమాస్తా. "కాకపోతే వీపు గోడకి ఆనించి, తలుపు మీదే ఒక కన్నేసి రాశాను."